నీళ్లు పోయకముందే వణికిన మేక

"నన్ను దాటి పో. దాటగలిగితే దాటు" అంది ద్వాలి.

గడపకు అడ్డంగా కూచుంది. ఒళ్లో వేపమండలు, పక్కన పసుపునీళ్ల చెంబు. ఆ గుడిసెకు తలుపు లేదు. ఇవాళ ముసలిదే తలుపైంది.

లోపల నులకమంచం మీద ఆమె కొడుకు దేవ్లా పడున్నాడు. కుడిచెయ్యి బొంత మడత మీద పెట్టారు. మణికట్టుకు కాస్త పైన పుండు. నడుమ నల్లటి పెచ్చు, బొగ్గుముక్క తెచ్చి అతికించినట్టు. అక్కణ్ణించి భుజం దాకా చెయ్యి ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది.

కోడలు గోరికి నిన్నటిదాకా ఏడుపొచ్చింది. ఇవాళ రావడం లేదు.

"నిన్న మోచేతి కాడ ఉండె వాపు. ఇయ్యాల బుజమెక్కింది. రేపు గొంతు కాడికొస్తది. అప్పుడు జరుగుతవా అత్తా?"

"సీత్లా అమ్మ ఒంట్ల ఉంది. అమ్మ ఉండంగ సూది పొడిస్తే అమ్మకే గుచ్చుకుంటది. వాని పానం తీసుకొని పోతది."

"ఏ అమ్మ? అమ్మొస్తే ఒళ్లంత పొక్కులుండాలె. ఏవీ? ఇది ఒక్కటే పుండు."

"అమ్మ ఎట్లొస్తదో నువ్వు చెప్తవా నాకు?" ద్వాలి గొంతు పెరిగింది. "నిన్నగాక మొన్న పుట్టింటి నించి దిగినవ్. పండుగనాడు ఉన్నవా ఇక్కడ? కోడలు లేకుంట సీత్లా పండుగ చేసిన. పదిమంది నోట మాటపడ్డ. అమ్మకు కోపం రాక ఏమొస్తది?"

"మా అవ్వకు జరమొస్తె పోయిన. నువ్వే పొమ్మంటివి."

"పొమ్మన్న. అక్కడనే ఉండుమనలే గద."

గోరి పళ్లు బిగించింది. "సరే. నా మీద కోపమొచ్చింది. మరి నన్ను పట్టకుండ ఆయన్నెందుకు పట్టింది? భీమ్లా మామ నెత్తురు కక్కుకొని పోయిండు, ఆయనేం చేసిండు? ఆవులేం చేసినయ్? పేగు దాటిన ఆవులే చస్తున్నయ్ అత్తా. దాటకుండ అడివిల తప్పిపోయిన దూడ ఒక్కటే మంచిగున్నది."

ద్వాలి ఒళ్లోని వేపమండలు సర్దుకుంది.

తొలకరి పడ్డాక తండా అంతా అడవి అంచున సీత్లా రాళ్ల దగ్గర చేరుతుంది. మేకను కోస్తారు. దాని పేగును దారికి అడ్డంగా పరిచి, తండాలోని పశువులన్నిటినీ దాని మీదుగా దాటిస్తారు. దాటిన పశువుకు ఆ ఏడాది రోగం అంటదని నమ్మకం. ఈసారీ దాటించారు. మర్నాటి నుంచి ఒక్కొక్కటే కూలబడటం మొదలైంది. ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు.

"మేకను అమ్మ ఒప్పుకుంది" అంది ద్వాలి చివరికి. ఆ మాటతో ఆమె వెన్ను నిటారైంది. "నీకేం ఎరుక? నీళ్లు పోస్తేగాని ఏ మేకా వణకదు. వణికితేనే అమ్మ ఒప్పుకున్నట్టు. నేను పెండ్లయిన కాడి నించి చూస్తున్న. ఒక్కోసారి చెంబు మీద చెంబు పోయాలె, మొక్కాలె, బతిమాలాలె. ఈసారి నేను చెంబు ఎత్తనన్న ఎత్తలే. నీళ్లు పోయకముందే వణికింది మేక! తండా తండా నోళ్లు తెరిచింది. ఎవరి చేతి మీద జరిగింది గట్ల? నా చేతి మీద."

"యాడీ..."

మంచం మీద నుంచి దేవ్లా. తల్లిని ఎప్పుడూ అలాగే పిలుస్తాడు.

"యాడీ, నీళ్లు."

ఇద్దరూ ఒక్కసారే కదిలారు. ద్వాలి ముందు లేచింది. కుండ దగ్గరికి పోయి, ముంత ముంచి, కొడుకు తల ఎత్తి పట్టుకుంది. మింగలేక సగం నీళ్లు బయటికే వచ్చాయి.

గడప ఖాళీగా ఉంది.

గోరి దాటింది.

"యాడికి పోతున్నవే?"

"బసవపున్నయ్య కాడికి. జీపు తెస్త."

"తే. నా కొడుకును ఎట్ల కదిలిస్తవో నేనూ చూస్త!"

*

బసవపున్నయ్య తండ్రి కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి అడవి కొట్టి పొలం చేశాడు. బసవపున్నయ్య మామిడి పెట్టాడు, ఎడ్లు పెంచాడు, మేకల మంద పెట్టాడు. దేవ్లా అతని దగ్గర పాలేరు. పండుగకు మేకనిచ్చింది కూడా బసవపున్నయ్యే. "దేవతకి నా తరఫున" అని దేవ్లా చేతికి తాడిచ్చి పంపాడు. తండా వాళ్లు ఆయన్ని దీవించారు.

గోరి గేటు తోసుకుని వచ్చేసరికి దొడ్డి ముందు ఇద్దరు కూలీలు మేకల కొమ్ములకు ఎర్రమట్టి జాజు పూస్తున్నారు. సాయంత్రం నేలకొండపల్లి నుంచి బేరగాడి లారీ వస్తుంది. మంద మొత్తం అమ్మకం. దొడ్డి చుట్టూ కొత్తగా చల్లిన సున్నం ఘాటు ముక్కులకు కొట్టింది.

డ్రైవరు జంపయ్య జీపు అద్దం తుడుస్తున్నాడు.

"జంపన్నా, జీపు తియ్యే. మీ తమ్మునికి బాగలేదు. జల్దీ."

"నేను తీసుడేంది చెల్లే. అయ్యగారి నడుగు."

అయ్యగారు అరుగు మీద పడకకుర్చీలో ఉన్నాడు.

"ఏమే గోరీ, ఎలా ఉన్నాడు మీ ఆయన?"

"మీకు తెల్వదా అయ్యా? మీ ఇంట్ల పనిచేసే మనిషి. పనికి రాక ఎన్ని పొద్దులాయె, ఒక్కసారన్న మనిషిని పంపినరా?"

"పుండే కదే. పసుపు పెట్టండి, తగ్గిపోతుంది."

"ఆ పుండు పెట్టింది మీ మేక."

జాజు పూసే చేతులు ఆగాయి. బసవపున్నయ్య కూలీల వైపు చూశాడు. చేతులు మళ్లీ కదిలాయి.

"ఏంటి కూస్తున్నావ్?"

"కుయ్యలే. చెప్తున్న. మీ ఎడ్లు రెండు చచ్చినయ్. పండుగ ముందే చచ్చినయ్. ఎవ్వరికీ చెప్పకుండ వంకల పారేయించిన్రు. పుట్టింటికి పోతూ నా కండ్లతోని చూసిన, కుక్కలు పీకుతున్నయ్. ముక్కుల నించి నల్ల నెత్తురు. మా ఆవులకు కారుతున్న నెత్తురే."

"పాము కరిచి చచ్చాయి అవి."

"రెండింటినీ ఒక్కటే పామా? వరసగ కరుసుకుంట పోయిందా?"

జంపయ్య అద్దం వైపు మొహం తిప్పుకున్నాడు.

"నోరు అదుపులో పెట్టుకో" అన్నాడు బసవపున్నయ్య. లేవలేదు. అరవలేదు కూడా. "మీ మామ నాటి నుంచి తిండి పెట్టిన ఇల్లిది."

"తిండి పెట్టిన్రు. కష్టం చేయించుకున్నరు. ఇప్పుడు రోగం గూడ పెట్టిన్రు. జీపియ్యున్రి."

"జీపు ఇవ్వండి."

ఆ మాట అన్నది గోరి కాదు. బసవపున్నయ్య భార్య పద్మావతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పిండి చేతులు, ముడి జారిన జుట్టు.

"నువ్వు లోపలికి పో పద్మా."

"పోను. ఆ మేకని ఇవ్వొద్దని నేను చెప్పానా లేదా?"

"లోపలికి పొమ్మన్నాను."

"పొద్దుట్నించీ దొడ్లో ఒకటే వణుకు. మేత ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. దేవతకిచ్చేటప్పుడు మంచి మేకనివ్వండీ, వాళ్లు తింటారండీ అన్నాను. 'ఎలాగూ చచ్చేదే, కాస్త పుణ్యమన్నా వస్తుంది' అన్నదెవరు? నేనా?"

దొడ్లో ఒక మేక దగ్గినట్టు అరిచింది.

గోరి గొంతు చిన్నదైంది.

"పొద్దుగాల నించే వణుకుతుండెనా అమ్మా?"

పద్మావతమ్మ తల దించుకుంది.

"నీళ్లు పోయకముందే వణికిందని మా అత్త మురుస్తుంది. అమ్మ తొందరపడ్డదని తండా అంత మొక్కింది." గోరి గొంతు పెరుగుతూ పోయింది. "జరమొచ్చి వణికిందా అది? చావొచ్చి వణుకుతున్న మేకను మా సీత్లా ముంగట నిలబెట్టిచ్చిన్రా? మా పిల్లలకు తినబెట్టిచ్చిన్రా? మీ దేవుని కాడైతే పుచ్చు టెంకాయన్న పెడ్తరా మీరు?"

"గోరీ!" బసవపున్నయ్య లేచాడు. అరుగు దిగి దగ్గరికి వచ్చాడు. కోపం మొహంలోకి రానివ్వలేదు. బేరం చేసే మనిషి మొహం అది. "అరిస్తే నీ మొగుడు బతకడు. విను. జీపిస్తాను. నేనూ వస్తాను, డాక్టరుతో నేనే మాట్లాడతాను. ముల్లు గుచ్చుకుంది. తుమ్మముల్లు. అంతే. ఎడ్ల మాట, మేక మాట ఎత్తకూడదు."

"ముల్లంటే ముల్లు మందే ఇస్తరు."

"డాక్టరుకు కళ్లున్నాయి. చూసి ఇస్తాడు. నువ్వు మేకంటే మాత్రం పశువుల డాక్టర్లొస్తారు, దొడ్డికి తాళం పడుతుంది. సాయంత్రం లారీ వెనక్కి పోతుంది. నేను మునిగిపోతాను. నేను మునిగితే మీ తండాలో సగం ఇళ్లకు పనెక్కడిది?"

"నేను చెప్తే?"

"చెప్పు. నడిచి పోయి చెప్పు. వాగు దాటించి మంచం మోసుకుపో."

తండాలో బండికి కట్టడానికి నిలబడగల ఎద్దు లేదు. అది ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు.

గోరి ఊ అనలేదు. ఉహూ అనలేదు. పోయి జీపెక్కి కూచుంది.

"లారీ వచ్చినా దొడ్డి తలుపు నేను తియ్యను" అంది పద్మావతమ్మ.

"నేను వచ్చి తీస్తాను" అన్నాడు బసవపున్నయ్య.

*

జీపు గుడిసె ముందు ఆగేసరికి ద్వాలి మళ్లీ గడప మీద ఉంది.

"ద్వాలీ, లే. పిల్లాణ్ణి దవాఖానాకు తీసుకుపోదాం" అన్నాడు బసవపున్నయ్య.

ద్వాలి లేచింది. ఒక్క మాటకే లేచింది. వేపమండలు చంకన పెట్టుకుని, తల మీదికి కొంగు లాక్కుని పక్కకు జరిగింది.

గోరి అత్త మొహంలోకి చూసింది. "పొద్దంత మొత్తుకున్న. నేను చెప్తే కదలకపోతివి. ఆయన నోరు తెరవంగనే లేచినవ్."

ద్వాలి వినిపించుకోనట్టు మంచం కోడు పట్టుకుంది. కొడుకును ఎక్కించాక తనూ ఎక్కింది. అడుగుతుందేమో, వద్దందామని చూసిన బసవపున్నయ్యకు ఆ అవకాశం ఇవ్వలేదు.

వెనక సీట్లో దేవ్లా తల గోరి ఒళ్లో, కాళ్లు తల్లి ఒళ్లో. టేకు అడవి లోంచి దారి. గుంత పడ్డప్పుడల్లా అతను మూలుగుతున్నాడు. చెయ్యి తగిలినా మాత్రం మూలగడం లేదు. అది గోరికి వింతగా తోచింది.

వాగు దాటాక గోరి చెప్పింది. ఇంజిను చప్పుడు మీద గట్టిగా, ముందు సీటుకూ వినబడేలా.

"అత్తా, నీ మేక నీళ్లు పోయకముందే ఎందుకు వణికిందో ఎరికేనా? అది పొద్దుగాల నించి వణుకుతనే ఉంది. ఈయన దొడ్లె. జరంతోని. అమ్మగారు నా ముంగటనే చెప్పింది."

"అబద్ధం."

"ముంగట కూచున్నడు గద. అడుగు."

ద్వాలి ముందుకు వంగింది. "అయ్యా. అవునా?"

బసవపున్నయ్య వెనక్కి తిరగలేదు. "ఆడవాళ్ల గోలలు పెట్టుకోకు ద్వాలీ. పిల్లాడి సంగతి చూసుకో."

"అమ్మగారు గట్ల అన్నదా, అన్లేదా?"

జంపయ్య గేరు మార్చాడు. అవసరం లేని చోట మార్చాడు.

ద్వాలి మెల్లిగా వెనక్కి వాలింది. దారి పొడుగునా పెదాలు కదులుతూనే ఉన్నాయి. మొక్కుతోందో, తిడుతోందో గోరికి తెలియలేదు. అడగాలనీ అనిపించలేదు.

*

రోడ్డు మీది సర్కారు దవాఖానా రెండు గదులు, ఒక వరండా. వరంగల్ నుంచి వచ్చిన డాక్టరు చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ, పొద్దుట్నుంచీ వచ్చిన జ్వరాల మీద చిరాగ్గా ఉన్నాడు.

"ఏమైంది?"

"ముల్లు గుచ్చుకుంది డాక్టరుగారూ" అన్నాడు బసవపున్నయ్య. "తుమ్మముల్లు. చీము పట్టింది. మా పాలేరే. ఖర్చుకు వెనకాడకండి, నేను చూసుకుంటాను."

డాక్టరు పుండు మీదికి వంగాడు. చిరాకు పోయింది. నల్లటి పెచ్చు చుట్టూ వేలితో నొక్కాడు. గట్టిగా నొక్కాడు.

"నొస్తుందా?"

"లే" అన్నాడు దేవ్లా.

"ఇక్కడ?"

"లే సారు."

డాక్టరు నిటారుగా నిలబడి బసవపున్నయ్యను చూశాడు. "చీమేదండీ? చుక్క చీము లేదు. ముల్లు పుండైతే ఈపాటికి నన్ను తిట్టి ఉండాలె ఈయన." మళ్లీ దేవ్లా వైపు తిరిగాడు. "ఏం ముట్టుకున్నవ్? ఆవునా, గొర్రెనా? చచ్చినదాన్ని లాగినవా? కోసినవా?"

దేవ్లా కళ్లు బసవపున్నయ్య మీదికి పోయాయి. అక్కణ్ణించి తల్లి మీదికి. కళ్లు మూసుకున్నాడు.

"ముల్లు" అన్నాడు.

"ముల్లా?" గోరి అరిచింది. వరండాలో ఉన్నవాళ్లు గుమ్మంలోకి వచ్చారు. "ఏం ముల్లు? ఏ చెట్టు ముల్లు? నీ చెయ్యి కుళ్లిపోతుంది, ఇంకా ఆయన పాలేరువేనా నువ్వు? సారూ, మేక! ఈయన ఇచ్చిన మేక. పండుగకు కోసిండు. అంతకుముందు ఎడ్లు చచ్చినయ్ ఈయనవి. తండాల ఆవులు చస్తున్నయ్. ఒక మనిషి గూడ పోయిండు."

"డాక్టరుగారూ" బసవపున్నయ్య నవ్వాడు. "ఇది పండగనాడు ఊళ్లోనే లేదు. పుట్టింట్లో ఉంది. కావాలంటే అడగండి."

డాక్టరు గోరిని చూశాడు. "నువ్వు చూసినవా మేకను?"

"ఎడ్లను చూసిన."

"మేకను?"

గోరి మొగుడి వైపు చూసింది. "చూడలే."

డాక్టరు గట్టిగా ఊపిరి వదిలాడు. "చూడమ్మా. నాకు అనుమానమున్నది దొమ్మ రోగం. ఆంథ్రాక్స్. పశువులకొస్తది, వాటిని కోసినోళ్లకొస్తది, తిన్నోళ్లకొస్తది. అదే అయితే ఇక్కడున్న పెన్సిలిన్ సూదిమందంత ఈయనకే మొదలుపెట్టాలె, ఇప్పుడే. మిగతా రోగులకు పొద్దున దాకా లేదనాలె. పైకి కబురు పంపాలె, ఊరు మొత్తాన్ని చూడాలె. రోగేమో ముల్లంటడు. యజమాని ముల్లంటడు. నువ్వేమో అక్కడ లేవు. నేనెవరి మాట నమ్మాలె?"

"చెప్పు" గోరి మొగుడి బాగున్న భుజం పట్టుకుని ఊపింది. "చెప్పయ్యా! నీ కాళ్లు పట్టుకుంట."

దేవ్లా తల అటూ ఇటూ ఆడించాడు. "ఒట్టేసిన."

"ఏం ఒట్టు?"

"ఎడ్లను వంకలేసిన నాడు... యాడి తల మీద ఒట్టేయించిండు. ఎవ్వరికన్న చెప్తే యాడి పోతది."

"జ్వరం. జ్వరంలో ఏదో అంటున్నాడు" అన్నాడు బసవపున్నయ్య.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న ద్వాలి గోడ వదిలింది.

"ఎవరి తల మీద?"

దేవ్లా కళ్లు తెరిచి తల్లిని చూశాడు.

"నా తల మీదనా?" ఆమె నేరుగా బసవపున్నయ్య దగ్గరికి నడిచింది. ఇన్నేళ్లలో ఆయనకు అంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు. కొంగు తల మీద నుంచి జారింది. సర్దుకోలేదు. "నా కొడుకుతోని, నా తల మీద, నీ ఎడ్ల కోసం ఒట్టేయించినవా? నీకు తల్లి లేకుండెనా? నీ తల మీద నీకు ఒట్టు దొరకలేదా?"

"ద్వాలీ, నువ్వన్నా..."

"నా తల నాది. ఒట్టు నేను తీసేస్తున్న. దేవ్లా, విన్నవా? తీసేసిన. పోతే నేను పోత."

డాక్టరు వైపు తిరిగింది. చంకలోని వేపమండలు కింద పెట్టింది.

"సారూ, కోడలు లేకుండె. నేనున్న. మేక తాడు నా ముంగటనే కట్టిన్రు. చెంబు నా చేతుల నిండుగ ఉండె. నేను నీళ్లు పోయలే. ఒక్క చుక్క పోయలే. పోయకముందే వణికింది అది. నా కొడుకే కోసిండు. నెత్తురు నల్లగ వచ్చింది, పలచగ, ఎంత సేపటికీ గడ్డ కట్టలే. అది గూడ చూసిన. చూసి దండం పెట్టిన. పేగు నా చేతులతోనే పరిచిన, ఆవులను నేనే తోలిన." ఆమె ఆగింది. గొంతు వణకలేదు. మొహం మాత్రం ఒక్కసారిగా ఇంకో పదేళ్లు ముసలిదైంది. "మాంసం పాలు పంచింది గూడ నేనే. తండాల తినని ఇల్లు లేదు."

డాక్టరు గుమ్మం వైపు తిరిగాడు.

"సిస్టర్!" డాక్టరు అరిచాడు. "పెన్సిలిన్ ఎంతుంటే అంత తీసుకురా. వరండాల ఉన్న సైకిలతన్ని పిలువు, పశువుల దవాఖానాకు పంపాలె." సూది మరిగే నీళ్లలోంచి తీస్తూనే అడిగాడు. "వాపు గొంతు కింది దాకా వచ్చిందమ్మా. ఆలస్యంగ తెచ్చిన్రు. మందు పెడ్త, ఇయ్యాల గడవాలె. ఆ మంద ఇంకా అక్కడనే ఉందా? ఒక్క మేక గూడ బయటికి పోవద్దు. పోతే ఎక్కడ దిగితే అక్కడ ఇదే. ఏమండీ, మీ దొడ్డి..."

తల ఎత్తాడు.

బసవపున్నయ్య గదిలో లేడు.

బయట జీపు తలుపు పడింది.

"లారీ" అంది గోరి. "లారీకి ఎక్కిస్తడు." ఆమె ఒక చేత్తో దేవ్లాను పట్టుకుని ఉంది. సూది దిగుతోంది. వదిలితే అతను మంచం మీంచి జారిపోతాడు. "అత్తా!"

ద్వాలి అప్పటికే గుమ్మం దాటింది.

జీపు చెట్టు కింద నుంచి రోడ్డు వైపు తిరిగింది. గేటు ఒకటే, జీపు పట్టేంత. ద్వాలి పరుగెత్తలేదు. పరుగెత్తే వయసు కాదు. గేటు దగ్గరైంది కాబట్టి ముందు చేరింది. చేరి, బురదలో, దారికి అడ్డంగా కూచుంది. పొద్దున గడప మీద కూచున్నట్టే.

జంపయ్య బ్రేకు తొక్కాడు.

"లే ద్వాలీ" బసవపున్నయ్య తల బయటపెట్టి అరిచాడు. "లే అంటున్నానా! నాకు ఎదురు తిరిగి మీ తండా బతకదు."

"నన్ను దాటి పో" అంది ద్వాలి. "దాటగలిగితే దాటు."

"పోనియ్ రా జంపయ్యా. లేస్తుంది. అదే లేస్తుంది."

జంపయ్య రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. ఇంజిను కొట్టుకుంటోంది.

"జంపయ్యా" ద్వాలి అతన్ని చూసి మామూలు గొంతుతో పిలిచింది. "నీ పాలు నేనే కట్టిచ్చిన బిడ్డా, మోదుగాకుల. నీ పిల్లలు తిన్నరా?"

జంపయ్య మొహంలో రంగు పోయింది.

"పోనియ్ అంటున్నానా! లేకపోతే దిగు. నేను నడుపుతా." బసవపున్నయ్య పక్క సీట్లోంచే కాలు చాపి, జంపయ్య కాలిని తోసి ఎక్సిలేటరు తొక్కాడు.

లోపలి నుంచి దేవ్లా గొంతు వినిపించింది. కేక కాదు. ఊపిరి అందని పిలుపు.

"యాడీ..."

వెంటనే గోరి కేక. "అత్తా, పిలుస్తుండు! జల్దీ రా అత్తా!"

ద్వాలి తల తిప్పలేదు.

జీపు ఒక్క అంగ ముందుకు కదిలింది. ద్వాలి జరగలేదు.